బండి జాడలో రాజుగారి ఉంగరం, కుక్క మెడలో రాణిగారి ఉంగరం

ఇంగ్లండు దేశంలో వెయ్యేళ్ళ కిందటి ఉంగరాలు రెండు, తొంభై ఏళ్ళ ఎడంతో, రెండు వేర్వేరు ఊళ్ళలో బయటపడ్డాయి. ఒకటి తండ్రిది, మరొకటి కూతురిది. తండ్రి రాజు, కూతురు రాణి. తండ్రి ఉంగరం బండి చక్రాలు తొక్కిన జాడలో ఒకాయన కంటపడింది. కూతురి ఉంగరం నాగలి చాలులో పైకి వచ్చింది. అది దొరికినతను దాని విలువ తెలియక పెంపుడు కుక్క మెడపట్టీకి తగిలించాడు. ఈనాడు ఆ రెండూ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. దొరికిన రెండు ఊళ్ళ మధ్య దూరం మూడు వందల కిలోమీటర్ల పైమాటే.

ఒక కుటుంబానికి చెందిన రెండు నగలు ఇలా విడివిడిగా, ఎవరూ వెతకకుండానే దొరకడం అరుదు. అవి కంసాలి మూసలోకి పోకుండా మిగలడం అంతకన్నా అరుదు. నెల్లూరు జిల్లా రైతులకు ఈ రెండో సంగతి బాగా తెలిసి ఉండాలి. అదే కాలంలో ఇక్కడ జరిగిన ఉదంతం ఒకటి ఉంది. దాని ప్రస్తావన తర్వాత వస్తుంది.

1780 ఆగస్టులో

ఇంగ్లండు దక్షిణ భాగాన విల్ట్‌షైర్ అనే జిల్లా ఉంది. అక్కడ సాల్స్‌బరీ పట్టణానికి ఆనుకుని లావర్‌స్టాక్ అనే పల్లె. 1780వ సంవత్సరం ఆగస్టు ప్రాంతంలో ఆ ఊళ్ళో ఒకాయనకు బండి జాడలో పసుపుపచ్చని వస్తువు కనిపించింది. అంతకుముందు ఎన్ని బండ్లు దాని మీదుగా పోయాయో, ఎన్ని వర్షాలు దాన్ని మట్టిలో కప్పి మళ్ళీ విప్పాయో ఎవరికెరుక. తీసి తుడిచి చూస్తే ఉంగరం. ఆయన దాన్ని సాల్స్‌బరీ పట్టణంలో వెండి బంగారు పనులు చేసే కంసాలికి అమ్ముకున్నాడు.

ఏ ఊరి కంసాలి దగ్గరైనా పాత బంగారానికి జరిగే మర్యాద ఒకటే. గీటురాయి మీద గీసి వన్నె చూస్తారు, తూకం వేస్తారు, తరుగు తీసి డబ్బిస్తారు. తర్వాత కుంపటి రాజేసి మూసలో వేస్తారు. అది రాజుగారిదా రైతుదా అని అగ్నికి అక్కరలేదు. అయితే ఈ కంసాలి ఉంగరాన్ని కరిగించలేదు. దాని మీద అక్షరాలు కనిపించడమే అందుకు కారణమై ఉంటుంది. దాన్ని ఆ ప్రాంతపు జమీందారు, రాడ్నర్ ఎర్ల్ అనే ప్రభువుకు అమ్మాడు. ఆ ప్రభువు కుమారుడు 1829లో దాన్ని బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చేశాడు.

ఉంగరం ముందు భాగం వెడల్పుగా ఉండి, పైకి పోయేకొద్దీ సన్నబడి గోపురంలా ముక్కోణపు మొన తేలి ఉంటుంది. క్రైస్తవ మత గురువులు తలపై పెట్టుకునే టోపీ వాటంగా ఉంటుందని చూసినవారు చెబుతారు. ఆ గోపురం మీద ఒక చెట్టులాంటి రూపం, దానికి అటొకటి ఇటొకటి నెమళ్ళు. ఆ మతంలో నెమలి చావులేనితనానికి గుర్తు. చెట్టులా కనిపించేది జీవజలపు ఊట అని పండితులు చెబుతున్నారు. నెమళ్ళ అడుగున ఎథెల్‌వుల్ఫ్ అనే పేరు, దాని పక్కన లాటిన్ భాషలో ‘రాజు’ అని అర్థం వచ్చే మాట చెక్కి ఉన్నాయి. ఎవరో తర్వాతి కాలంలో చెక్కించిన పేరు కాదిది. నగిషీలోనే అక్షరాలకు చోటు వదిలి చేసిన పని గనుక, ఉంగరంతోపాటే పేరూ పుట్టిందని చెప్పడానికి సందేహం లేదు.

నల్ల మీనా కథ

ఈ ఉంగరం మీద బంగారు బొమ్మల వెనుక నేల అంతా నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. మొదట్లో దీన్ని చూసి రాసినవారు నీలినలుపు ఎనామెల్ అనే రాశారు. మన మాటలో మీనా పని. కాని తర్వాత పరీక్షించినవారు దాన్ని మీనాగా ఒప్పుకోలేదు. ఈ పనికి వాళ్ళు పెట్టుకున్న పేరు నియెల్లో.

తేడా ఏమిటంటే, మీనా అన్నది గాజు. రంగు గాజును మెత్తగా పొడిచేసి, నగ మీద తవ్విన గుంటల్లో నింపి, కొలిమిలో పెడితే కరిగి అక్కడే అతుక్కుంటుంది. జైపూరు, కాశీ నగల మీద ఎర్రగా, పచ్చగా, నీలంగా మెరిసేది ఇదే. నియెల్లోలో గాజు ఉండదు. వెండిని గంధకంతో కలిపి కాలిస్తే నల్లని ముద్ద అవుతుంది. కొన్ని కాలాల్లో, కొన్ని దేశాల్లో రాగి, సీసం కూడా చేర్చేవారు. ఆ ముద్దను దంచి పొడిచేసి, బొమ్మల చుట్టూ తవ్విన గాళ్ళలో కూరి, కాక తగిలిస్తే మెత్తబడి గాడి నిండా పరుచుకుంటుంది. చల్లారిన తర్వాత పైపైన ఆకురాయితో రాకి మెరుగు పెడితే బంగారం బంగారంగా, నలుపు నలుపుగా తేలుతుంది. వెండి గిన్నె కొంతకాలం వాడకుండా పెడితే నల్లబడుతుందని ఇంట్లో ఆడవాళ్ళందరికీ తెలుసు. ఆ నలుపుకూ ఈ నలుపుకూ మూలం ఒకటే, వెండీ గంధకమూ కలవడం. మనకు చికాకు తెప్పించే దాన్నే ఆ పనివాళ్ళు అలంకారంగా మలుచుకున్నారు.

బీదరు పళ్ళేలు చూసినవారికి ఈ అందం కొత్త కాదు. అక్కడ నల్లని లోహం మీద వెండి తీగలు పొదుగుతారు, ఇక్కడ బంగారం మీద నలుపు నింపుతారు. పని వేరు, కంటికి ఇచ్చే సుఖం ఒకటే.

ఉంగరం చేసిన పనివాడి పేరు ఎవరికీ తెలియదు. రాజు పేరు మాత్రం అతని ఉలి పుణ్యమా అని ఇంకా నిలిచి ఉంది.

ఆ రాజు ఎవరు

ఎథెల్‌వుల్ఫ్ 839 నుంచి 858 వరకు రాజ్యం చేశాడు. అప్పటికి ఇంగ్లండు అంతా ఒకే దేశం కాదు, కొన్ని రాజ్యాలుగా ఉండేది. దక్షిణాన ఉన్న వెసెక్స్ రాజ్యం ఇతనిది. ఉత్తర సముద్రం మీదుగా ఓడల్లో వచ్చి ఊళ్ళు దోచుకుపోయే వైకింగుల బెడద ఆ రోజుల్లో ఎక్కువ. 851లో ఎథెల్‌వుల్ఫ్ వాళ్ళను ఒక పెద్ద యుద్ధంలో ఓడించాడు. తర్వాతి కాలంలో ఇంగ్లీషువాళ్ళు ‘మహా’ బిరుదుతో తలుచుకునే ఆల్ఫ్రెడ్ రాజు ఇతని కడగొట్టు కొడుకే.

మన దేశంలో అదే సమయాన వేంగిని తూర్పు చాళుక్యులు ఏలుతున్నారు. గుణగ విజయాదిత్యుడు గద్దెనెక్కింది 848 ప్రాంతంలో. అతని సేనాపతి పండరంగడు అద్దంకిలో వేయించిన శాసనం, అందులోని తరువోజ పద్యం, తెలుగు చదివినవారందరూ ఎరిగినవే. అద్దంకి రాతి మీద తెలుగు పద్యం చెక్కిన తరంలోనే అక్కడ ఆ ఉంగరం మీద నెమళ్ళు చెక్కారన్నమాట.

ఎథెల్‌వుల్ఫ్ భక్తిపరుడు. 855లో రాజ్యాన్ని కొడుకుల చేతిలో పెట్టి రోము నగరానికి యాత్ర వెళ్ళాడు. మనవాళ్ళు కాశీకి పోయినట్టే. సుమారు ఏడాది అక్కడ ఉండి, తిరుగు ప్రయాణంలో ఫ్రాన్సు రాజు కూతురు జూడిత్‌ను పెళ్ళాడాడు. అప్పటికి ఆ పిల్లకు పన్నెండు పదమూడేళ్ళు. ముసలి రాజు కొత్త పెళ్ళికూతురితో ఇల్లు చేరేసరికి కొడుకు ఎథెల్‌బాల్డ్ ఎదురు తిరిగాడు. ఇంటి పోరు ఊరి మీద పడకుండా రాజ్యంలో ఒక భాగం కొడుక్కు వదిలిపెట్టి తండ్రి సర్దుకున్నాడు. రెండేళ్ళకు రాజు పోయాడు. ఆ కొడుకు, సవతి తల్లి జూడిత్‌ను తాను పెళ్ళిచేసుకున్నాడు. ఆ కాలపు మత గురువులే ఆ పనిని అసహ్యించుకుంటూ రాసిపెట్టారు.

ఇంతటి రాజు వేలి ఉంగరం బండి జాడలోకి ఎలా వచ్చింది? అసలు అది రాజు తొడుక్కున్నది అయి ఉండదని కొందరు పండితుల అభిప్రాయం. అది మగవాడి పెద్ద వేలికి సరిపోయే ఉంగరం. యుద్ధంలో పనికొచ్చిన బంటుకో, నమ్మకంగా కొలిచిన దొరకో రాజు తన పేరుతో ఉంగరం చేయించి ఇవ్వడం ఆ జాతివాళ్ళ పాత ఆచారం. ‘ఉంగరాలిచ్చేవాడు’ అంటే వాళ్ళ భాషలో మంచి రాజు అని అర్థం. మన రాజులు కవులకు గండపెండేరాలు తొడిగినట్టే ఇదీ. పుచ్చుకున్నవాడి చేతి నుంచి ఎప్పుడో జారిపోయి ఉంటుంది. అదే నిజమైతే, పోగొట్టుకున్న రోజున ఆ మనిషి ఎంత వెతికి ఉంటాడో!

కుక్క మెడలో వేలాడిన ఉంగరం

ఇక కూతురి ఉంగరం సంగతి. ఇది 1870 ప్రాంతంలో ఇంగ్లండు ఉత్తర భాగాన, యార్క్‌షైర్‌లోని ఏబర్‌ఫర్డ్ అనే ఊరి దగ్గర పొలం దున్నుతుండగా దొరికింది. దొరికినతను దాన్ని ఇత్తడిది అనుకున్నాడేమో, తన కుక్క మెడపట్టీకి తగిలించాడు. కుక్క దాన్ని మెడలో వేసుకునే పొలాల వెంట, పశువుల వెంట తిరిగింది. తిన్న చోట తింది, పడుకున్న చోట పడుకుంది. రాణిగారి ఉంగరం కుక్క మెడలో ఉందని కుక్కకూ తెలియదు, యజమానికీ తెలియదు.

ఇక్కడ ఒక చిన్న లోకజ్ఞానం పనికొచ్చేది. ఇత్తడి మట్టిలో ఉంటే పచ్చని చిలుము పడుతుంది. రాగి నల్లబడుతుంది. ఇనుము తుప్పు పట్టి పెళుసులూడిపోతుంది. మంచి బంగారం మాత్రం వెయ్యేళ్ళు మట్టిలో ఉన్నా, కడిగితే నిన్న చేసినట్టు మెరుస్తుంది. కాబట్టి నాగలి చాలులో పచ్చగా మెరిసేది, చిలుము లేనిది కనబడితే ఇత్తడి అని పారెయ్యకూడదు, కుక్కకు కట్టకూడదు.

ఎలాగో ఆ ఉంగరం సంగతి బయటపడింది. డర్హమ్ పట్టణంలోని గ్రీన్‌వెల్ అనే మతాచార్యుడు దాన్ని సంపాదించాడు. పాత సమాధులు తవ్వి పరిశోధించడం ఆయనకు ఇష్టమైన వ్యాపకం. ఆయన దగ్గర నుంచి బ్రిటిష్ మ్యూజియం అధికారి ఆగస్టస్ వోలాస్టన్ ఫ్రాంక్స్ చేతికి వచ్చింది. ఫ్రాంక్స్ గారికి ఉంగరాలంటే పిచ్చి. వందల కొద్దీ పోగుచేశాడు. 1897లో ఆయన చనిపోయినప్పుడు రాసిన వీలునామా ప్రకారం అవన్నీ మ్యూజియానికి చేరాయి. అలా కూతురి ఉంగరం, అప్పటికి అరవై ఎనిమిదేళ్ళుగా అక్కడే ఉన్న తండ్రి ఉంగరం సరసకు వచ్చింది.

ఈ ఉంగరం ముందు భాగం గుండ్రంగా ఉంటుంది. నడుమ గొర్రెపిల్ల బొమ్మ. క్రైస్తవులు ఏసు ప్రభువును దేవుని గొర్రెపిల్ల అంటారు గదా, ఆ గుర్తు అది. నేల ఇక్కడా నల్లనిదే. పేరు మాత్రం పైకి కనబడదు. ఉంగరం తిప్పి చూస్తే, వేలికి ఆనే లోపలి వైపున ‘ఎథెల్‌స్విత్ రాణి’ అని చెక్కి ఉంది. ‘రెజీనా’ అని ఉండవలసిన చోట ఒక అక్షరం తగ్గింది. శాసనాలు చదివేవారికి ఇలాంటివి అలవాటే. చెక్కేవాడు చదువుకున్నవాడే కావాలన్న నియమం ఎక్కడా లేదు. కాగితం మీద రాసిచ్చింది చూసి చెక్కడమే అతని పని.

పేరు లోపలికి ఉన్నందువల్ల ఇదీ రాణి తాను పెట్టుకున్నది కాకపోవచ్చునని, ఎవరికో బహుమానంగానో దేవాలయానికి కానుకగానో ఇచ్చి ఉండవచ్చునని అంటారు.

ఎథెల్‌స్విత్ కథ తండ్రి కథకన్నా జాలి కలిగిస్తుంది. 853లో తండ్రి ఆమెను పొరుగున ఉన్న మెర్సియా రాజు బర్గ్రెడ్‌కు ఇచ్చి పెళ్ళిచేశాడు. రెండు రాజ్యాల పొత్తు కోసం జరిగిన పెళ్ళి అది. ఇరవయ్యేళ్ళు ఆమె రాణిగా ఉంది. 868లో వైకింగులు మీదికి వస్తే ఆమె భర్త బావమరుదులకు కబురు పెట్టాడు. అన్నదమ్ములు ఎథెల్రెడ్, ఆల్ఫ్రెడ్ సైన్యంతో వచ్చి తోడబుట్టిన దానికి అండగా నిలబడ్డారు. కాని ఆ అండ ఎంతోకాలం ఆదుకోలేదు. 874లో వైకింగులు బర్గ్రెడ్‌ను గద్దె దించి దేశం నుంచి తరిమేశారు. అతను రోముకు పోయి అక్కడే ప్రాణం విడిచాడు. ఎథెల్‌స్విత్ మరో పద్నాలుగేళ్ళు బతికింది. ఆమె కూడా 888లో రోముకు బయలుదేరింది. భర్త మట్టి అయిన చోటు చూడాలనుకుందో, తండ్రిలా యాత్ర పుణ్యం కోరిందో తెలియదు. దారిలో ఇటలీ దేశపు పావియా పట్టణంలో చనిపోతే అక్కడే పూడ్చిపెట్టారు. ఆమె ఎన్నడూ ఏలని యార్క్‌షైర్‌లో ఆమె ఉంగరం, పుట్టింటికీ అత్తింటికీ దూరంగా పరాయి గడ్డపై ఆమె దేహం మిగిలాయి.

తాయెత్తు లాంటి ఉంగరం

రాజులవే దొరకాలని లేదు. 1802లో అదే దేశంలోని కోవెంట్రీ పట్టణంలో మరో బంగారు ఉంగరం బయటపడింది. ఇది అంత పాతది కాదు, పదిహేనో శతాబ్దం చివరిది. దీని గాళ్ళలో ఉన్నది నిజమైన మీనాయే. చాలావరకు రాలిపోయి జాడలు మాత్రం మిగిలాయి. సమాధిలో నుంచి లేచి నిలబడ్డ ఏసు బొమ్మ, చుట్టూ ఆయనకు తగిలిన ఐదు గాయాలు దీని మీద చెక్కారు. ఒక్కొక్క గాయాన్ని ఒక్కొక్క ఊటబావిగా చెప్పారు. దయకు ఒకటి, ఓదార్పుకు ఒకటి, నిత్యజీవానికి ఒకటి, ఇలా.

లోపలి వైపు సంగతి మరీ విశేషం. అక్కడ చిన్న ప్రార్థన, ఏసు పుట్టినప్పుడు చూడవచ్చిన ముగ్గురు జ్ఞానుల పేర్లు, వాటితోపాటు అర్థం తెలియని మంత్రాక్షరాలు ఉన్నాయి. వాటిలో ఒక మాట మూర్ఛరోగం రాకుండా కాపాడుతుందని ఆ కాలపు జనం నమ్మకం. మనవాళ్ళు రాగిరేకు మీద బీజాక్షరాలు రాయించి తాయెత్తులో చుట్టి కట్టుకుంటారే, అచ్చం అదే పద్ధతి. ఉన్నవాడు గనుక బంగారంతో చేయించుకున్నాడు, అంతే తేడా. జబ్బు తగ్గిందో లేదో ఉంగరం చెప్పదు. ఇది కూడా ఫ్రాంక్స్ గారి వీలునామాతోనే మ్యూజియానికి చేరింది.

నెల్లూరు రైతుకు దొరికిన కుండ

లావర్‌స్టాక్‌లో ఉంగరం దొరికిన కొద్ది ఏళ్ళకే, 1786 ప్రాంతంలో, నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతున్నాడు. నాగలికి ఇటుక కట్టడం అడ్డుపడింది. తవ్వి చూస్తే శిథిలమైన చిన్న గుడి. దాని అడుగున ఒక చిన్న కుండ. కుండలో బంగారు నాణేలు. అవి మన రాజులవి కావు. పదహారు వందల ఏళ్ళకు పూర్వం రోము చక్రవర్తుల కాలంలో అచ్చువేసినవి. ఆ రోజుల్లో మన తూర్పుతీరపు రేవులకు రోము వర్తకం ఉండేదనడానికి అవి సాక్ష్యం.

పాపం, రైతుకు ఆ బొమ్మలెవరివో ఎలా తెలుస్తుంది? పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావాటిని కొన్నవాళ్ళు కరిగించేశారు. సంగతి తెలిసి పెద్దలు ఆరా తీసేసరికి మిగిలినవి ముప్ఫై చిల్లర. వాటిలో ఎక్కువ భాగం నవాబు కుటుంబంలోని అమీరుల్ ఉమరా కొన్నాడు. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ రెండు నాణేలు తీసుకున్నాడు. ఒకటి హేడ్రియన్ చక్రవర్తిది, మరొకటి ఫౌస్టినా రాణిది. కొన్ని నాణేలు అప్పుడే టంకశాల నుంచి వచ్చినట్టున్నాయని, కొన్నింటికి మెడలో కట్టుకోవడానికి చిల్లులు ఉన్నాయని ఆయన ఒక ఉత్తరంలో రాశాడు. ఆ ఉత్తరాన్ని కలకత్తా పండిత పత్రిక అచ్చువేయడం వల్లనే మనకు ఈ మాత్రమైనా తెలిసింది. మన ఆడవాళ్ళు కాసుల పేర్లు వేసుకునే ముచ్చట ఎంత పాతదో ఆ చిల్లులు చూస్తే ఊహించవచ్చు.

సాల్స్‌బరీ కంసాలి ఆగాడు, నెల్లూరులో కుంపటి ఆగలేదు. అక్కడి ఉంగరం మీద పేరు చదివి రాజెవరో చెప్పగలిగారు. ఇక్కడ కరిగిపోయిన నాణేల మీద ఎవరి పేర్లు ఉన్నాయో చెప్పేవారు ఇక రారు.

దొరికితే ఏం చెయ్యాలి

ఈ విషయంలో పల్లెల్లో ఉన్నంత అపోహ మరి దేంట్లోనూ లేదు. ‘దొరికిందని చెబితే సర్కారు లాక్కుంటుంది, పోలీసులు పట్టుకుపోతారు, గుట్టుగా కరిగించుకోవడమే మేలు’ అనే మాట ప్రతి రచ్చబండ మీదా వినిపిస్తుంది. చట్టం చెప్పేది దాదాపు దీనికి తలకిందులుగా ఉంది.

భూమిలో దొరికిన నిధుల గురించి 1878లో చేసిన చట్టం ఉంది. పది రూపాయల విలువకు మించిన వస్తువు ఏదైనా భూమిలో దాగి ఉన్నది దొరికితే, వీలైనంత త్వరగా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజెయ్యాలి. ఏం దొరికింది, ఎంత విలువ ఉంటుంది, ఎక్కడ దొరికింది, ఏ తేదీన దొరికింది, ఈ నాలుగు సంగతులు రాయాలి. వస్తువును దగ్గరలోని ప్రభుత్వ ఖజానాలో అప్పగించాలి. లేదా అడిగినప్పుడు తెచ్చి చూపిస్తానని హామీ ఇవ్వాలి. పది రూపాయలన్నది నూట ముప్ఫై ఏళ్ళకు పైబడిన నాటి లెక్క. ఇప్పుడు గురిగింజంత బంగారమైనా ఆ హద్దు దాటిపోతుంది.

ఆ తర్వాత కలెక్టరు ప్రకటన వేయిస్తారు. హక్కు ఉందనుకునేవారు వచ్చి చెప్పుకోవడానికి నాలుగు నుంచి ఆరు నెలల గడువు పెడతారు. దాచినవారి తరఫు వారసులెవరూ లేరని తేలితే దాన్ని సొంతదారులేని సొత్తుగా ప్రకటిస్తారు. అప్పుడు దొరికినవాడికీ భూమి యజమానికీ మధ్య వేరే ఒప్పందం లేకపోతే, మూడు వంతులు దొరికినవాడిది, ఒక వంతు భూమి యజమానిది. దున్నిన కూలీకి ముప్పావు వాటా, ఆసామికి పావు వాటా అన్నమాట. ఇది విన్న ఆసాములు కొందరు నమ్మరు, కూలీలు అసలే నమ్మరు. వస్తువు మ్యూజియంలో ఉండదగ్గదని ప్రభుత్వం తానే తీసుకోదలిస్తే, అందులోని లోహం విలువ కట్టి, దానిపై ఐదో వంతు కలిపి చెల్లించాలి.

చెప్పకుండా దాచుకున్నవాడి వాటా పోతుంది. దానిపైన ఏడాది వరకు జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. దాచమని ప్రోత్సహించిన భూమి యజమానికి ఆరు నెలల వరకు శిక్ష ఉంది, అతని పావు వాటా కూడా గల్లంతే. గుట్టుగా కరిగించినవాడికి కంసాలి ఇచ్చేది ఎంత, అందులో నోరు మూయించడానికి పోయేది ఎంత అని లెక్క వేసుకుంటే, అర్జీ రాయడమే లాభమని తేలుతుంది. వాటాల దగ్గర పేచీ పడి ఒకరి మీద ఒకరు చెప్పుకోవడం వల్లనే ఇలాంటివి సాధారణంగా బయటపడుతుంటాయి.

ఇక్కడ ఒక మాట. నాగలికి తగిలి దొరకడం వేరు, నిధి ఉందని పూజలు చేసి అర్ధరాత్రి పాత గుళ్ళు తవ్వడం వేరు. రెండోది నేరమే. ఆ తవ్వకాల్లో పగిలిపోయే విగ్రహాలు, శాసనాలు ఏ నిధికన్నా విలువైనవి. లావర్‌స్టాక్‌లో గాని, ఏబర్‌ఫర్డ్‌లో గాని, నెల్లూరులో గాని ఏ మంత్రగాడూ చోటు చూపించలేదు.

ఇంగ్లండులో 1996లో కొత్త చట్టం చేశారు. మూడు వందల ఏళ్ళు దాటిన బంగారు ఉంగరం ఒక్కటి దొరికినా పద్నాలుగు రోజుల్లో అధికారికి చెప్పాలి. మ్యూజియం తీసుకుంటే దాని మార్కెట్ ధర కట్టి, సాధారణంగా దొరికినవాడికి, భూమి యజమానికి పంచుతారు. కరిగిస్తే వచ్చే ధరకు, అక్షరాలతో సహా అమ్మితే వచ్చే ధరకు ఎంత తేడా ఉంటుందో అక్కడి రైతులకు తెలిసిపోయింది. అందుకే ఏటా ఎందరో తమంతట తాము వచ్చి చెబుతున్నారు.

దొరికిన వస్తువును చింతపండుతో, ఇటుక పొడితో తోమకూడదు. మంచి నీళ్ళతో మట్టి పోయేవరకు కడిగి ఊరుకోవాలి. తోమితే మీనా రాలిపోతుంది, అక్షరాల అంచులు అరిగిపోతాయి. వంకర పోయి ఉంటే సరిచేయించకూడదు. దొరికిన చోట పుల్ల పాతి గుర్తు పెట్టుకోవాలి. పక్కన పెంకులు, ఇటుకలు కనిపిస్తే వాటిని కదపకుండా ఉంచాలి. అర్జీ రెండు ప్రతులు రాసి, ఒకటి కలెక్టరు కార్యాలయంలో ఇచ్చి, రెండో దానిపై తేదీతో ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోవాలి. వాటా అడగవలసిన రోజున ఆ కాగితమే ఆధారం.